ఎండునెత్తళ్ళ కూర

(రెండువేల ఆరు. బాపట్లలో ఓ ఇంగ్లీషు మీడియం బడి. సాయంత్రం బెల్లు కొట్టాక, వరండాలో రెండో తరగతి చెప్పే వసుంధర టీచరు, సూర్యలంక నుంచి వచ్చిన భాగ్యం తల్లి పేరంటాలు.)

"నిన్న మా భాగ్యం డబ్బా చూసి ముక్కు మూసుకున్నారంటగా, టీచరుగారూ?"

"లేదండి. పాఠం చెప్పానంతే. హెల్దీ ఫుడ్ పాఠం. ఏం తినాలో, ఏం తినకూడదో పిల్లలు ఇంగ్లీషులో చెప్పాలి."

"దాని డబ్బా పైకెత్తి, బ్యాడ్ ఫుడ్ అన్నారా?"

"కరస్పాండెంట్‌గారు క్లాసులోనే ఉన్నారండి. పేరెంట్సు కూడా వచ్చారు. గదంతా ఒకటే వాసన..."

"అన్నారా, లేదా?"

"అన్నాను."

"పిల్లలందరిచేతా అనిపించారా?"

"పాఠం అలాగే చెప్తామండి. నేనన్నది వాళ్ళు అనాలి."

"కూర పారబోయించి, ఖాళీ డబ్బా దాని చేతికిచ్చారంట. ఆటోలో పిల్లలు చెప్పారు. అది మాత్రం నోరిప్పలా. ఇక ఈ బడికి రానంటే రానంటంది."

"రేపు పంపించండి, నేను బుజ్జగిస్తాను."

"ఏమని?"

"ఏదో ఒకటి... పిన్నీ, కాస్త మెల్లగా మాట్లాడు. స్టాఫ్‌రూము పక్కనే."

"ఓహో. ఇప్పుడు పిన్నినయ్యానా?"

"నీకు తెలియందేముంది? ఇక్కడ అందరికీ మాది తెనాలని చెప్పుకున్నాను. సముద్రం ఒడ్డంటే చూసే చూపే వేరు."

"నువ్వున్నావనే గందా దీన్నిక్కడ చేర్చింది. మన వసుంధర ఉంది, కడుపులో పెట్టుకుని చూసుకుంటదనుకున్నా. వేసవిలో మీ అమ్మ పంచలో పిల్లల్ని కూర్చోబెట్టి నేర్పావే, ఫిష్ ఈజ్ గుడ్ ఫుడ్ అని. వలలకాడ కూడా అదే పాట పాడిందది. ఆ పాఠం అబద్ధమా, నిన్నటిది అబద్ధమా?"

"చేపలు వేరు, ఎండు చేపలు వేరు..."

"ఎండు చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఈ బాపట్ల వీధులే తిరిగింది మా అక్క, నిన్ను చదివించడానికి. ఏరు దాటి తెప్ప తగలేశావు కదే."

"నన్నేం చెయ్యమంటావు? ఉద్యోగం పోతే? అయినా తప్పంతా నాదేనా? రోజూ పెరుగన్నం తెచ్చుకునే పిల్ల. నిన్న ఎండునెత్తళ్ళు ఎందుకు పెట్టావు?"

"నేను పెట్టింది పెరుగన్నమే."

"మరి దాని బ్యాగులోంచి నేను తీసిందేంటి?"

"పెరుగన్నం డబ్బా అడుగునుంది. నువ్వు తీసింది పైది. దానిది కాదది."

"కాకపోతే ఆ మాట చెప్పొచ్చుగా. ఇది నాది కాదు టీచర్ అంటే వదిలేసేదాన్నిగా. అంతసేపు నిలబెట్టినా మాట్లాడలేదు."

"ఎవరిదని చెప్తది? మనం చుట్టాలమని బళ్ళో చెప్పొద్దని ఒట్టేయించుకుంది నువ్వు కాదా?"

"దానికీ దీనికీ సంబంధమేంటి?"

"నువ్వు ఇంటి మొహం చూసి ఎన్నాళ్ళయింది? మీ అమ్మ తెల్లారగట్టే లేచి, వంకాయలేసి వండి, అక్కకివ్వమ్మా అని దాని బ్యాగులో పెట్టింది."

"అమ్మ పంపిందా?"

"మరింకెవరు పంపుతారు నీకు?"

"పిన్నీ... అమ్మకి తెలిసిందా?"

"లేదు. సాయంత్రం డబ్బా కోసమొచ్చి, మా అమ్మాయి తిన్నదా అనడిగింది. మా భాగ్యం డబ్బా కడిగి చేతికిచ్చి, తిన్నది పెద్దమ్మా, చాల్లేదన్నది అని చెప్పింది. అందుకే ఇవాళ మీ అమ్మ ఇంకాస్త ఎక్కువే వండి నా చేతికిచ్చింది. ఇదిగో, పట్టుకో."