రాజీ పాయసం

"అమ్మమ్మా, ఫోన్లో రికార్డింగ్ ఆన్ చేశాను. పెద్దగా అరిచేవాడికి అడిగిందల్లా ఇచ్చేసి ఊరుకోబెట్టడం తప్పేనా? క్లాసులో దీనిమీదే మాట్లాడాలి. ఆ జర్మనీ సంగతి, యుద్ధానికి ముందుది."

ఏటే మాలూ, పొద్దున్నే జర్మనీయా? యూనివర్సిటీలో చెప్పుకోడానికి నేనే దొరికానా నీకు? సరే, ఆ ఫ్యాన్ కాస్త తగ్గించు, నా గొంతు దాంట్లో కలిసిపోతాది. నిన్న నువ్వు చెప్పినావు కదా, ఆ గొడుగాయన కథ, ఇంగ్లండు ప్రధానమంత్రి. విమానం ఎక్కి వెళ్ళి, ఆ జర్మనీ మీసాలోడు అడిగిన ముక్క ఇచ్చీసి, కాగితం ఊపుకుంటూ తిరిగొచ్చి, ఇంక యుద్ధం రాదు, హాయిగా పడుకోండి అన్నాడంటావు. ఇచ్చింది ఎవరి నేల? చెక్ దేశం వాళ్ళది. వాళ్ళెక్కడున్నారప్పుడు? గది బయట. నువ్వే కదా చెప్పినావు. తన సొంత నేలైతే అంత సులువుగా ఇచ్చీవోడా, చెప్పు.

మా ఇంట్లోనూ అదే జరిగింది. నవ్వకు, నిజం చెప్తన్నాను.

మీ తాతకి ఒక అన్న ఉండీవోడు. నాకు బావగారు. ఈ ఊళ్ళోనే, సెరంగూన్ పేటలో, పప్పులూ కారాలూ అమ్మే కొట్టు ఆయనది. మేము కంపోంగ్‌లో, అదే పాత పల్లెలో, రేకుల ఇల్లు ఖాళీ చేసి క్లెమెంటికి వచ్చిన కొత్త. ఈ ఫ్లాటు కాదు, పక్క బ్లాకు... కాదు కాదు, మార్కెట్టు వైపుది. రెండే గదులు. మీ తాత, నేను, మా అత్తగారు, మీ అమ్మ. మీ అమ్మ అప్పటికి ఇంకా చిన్న గుంట. బావగారు పెళ్ళాన్ని తీసుకుని వచ్చి రెండు వారాలుంటామన్నాడు. పెద్ద గది కావాలన్నాడు. అడగడమంటే ఏటి, పెట్టె తెచ్చి మా మంచం మీద పెట్టీసాడు. మీ తాత నాతో మెల్లిగా, "పోనీలే నర్సమ్మా, గదే కదా. అరిస్తే పక్కింటోళ్ళు వింటారు" అన్నాడు. పక్కింటి చైనా ఆవిడ వింటాదని భయం. అంతే, పెద్ద గది పోయింది, ఆ రెండు వారాలు ఏళ్ళయ్యాయి.

తర్వాత టీవీ. ఆయన తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. పోనీలే. తర్వాత ఫాతిమా. నాతో ఫ్యాక్టరీలో పనిచేసే మలయా ఆవిడ, ఆదివారం కేకు పట్టుకుని వచ్చీది. ఆ మనిషి గుమ్మం తొక్కకూడదన్నాడు. నేనే కిందకెళ్ళి లిఫ్టు దగ్గర నిలబడి మాట్లాడీదాన్ని. అదీ పోనీలే అన్నాడు మీ తాత. ఒకటి చూసినావా మాలూ, పోనీలే అన్నవాళ్ళది ఎప్పుడూ ఏమీ పోలేదు. పోయిందల్లా నాది.

అప్పుడు నాకు జురాంగ్‌లో ఫ్యాక్టరీ పని. రేడియోల్లో ఉండీ చిన్న చిన్న ముక్కలు అతకడం. తెల్ల కోటు వేసుకునీవాళ్ళం, డాక్టర్ల లాగ. జీతం రోజున ఫాతిమా, నేనూ హాకర్ సెంటర్లో, ఆ తిండి కొట్ల దగ్గర, కూచుని కోపీ, అదే కాఫీ, తాగీవాళ్ళం. ఇరవై సెంట్లు. కాదు, ముప్ఫయ్యేమోలే. నా సంపాదనతో నేను కొనుక్కున్నది మొదట ఆ కోపీయే. మా అమ్మకి ఆ భాగ్యం కూడా లేదు పాపం.

మా అమ్మని తలుచుకుంటే ఇంకోటి గుర్తొస్తంది. ఆవిడ తమ్ముడు, నాకు మేనమామ, రబ్బరు తోటలో పనిచేసీవోడు. ఆ యుద్ధంలోనే జపాను వాళ్ళొచ్చి సయాంలో రైలు పట్టాలు వెయ్యడానికి పట్టుకుపోయారు. మళ్ళీ రాలేదు. ఎక్కడెక్కడో పెద్ద పెద్ద గదుల్లో దొరలు కూచుని వీడికింత, వాడికింత అని పంచుకున్నారు. రబ్బరు పాలు పట్టుకునే మనిషి అందులో ఎవడిని ఏమడిగాడు? క్రాంజీలో యుద్ధంలో పోయిన సైనికుల సమాధులకి వరసగా తెల్లరాళ్ళున్నాయి. ఒకసారి వెళ్ళి చూసొచ్చాను. కూలీవాళ్ళకి రాయి ఎవరు పెడతారు... సరే, ఎక్కడున్నాను? ఆఁ, ఫ్యాక్టరీ.

ఇంటి ఆడది రాత్రి షిఫ్టుకెళ్తే పరువు పోతాదని బావగారు తగువు పెట్టాడు. మా వాళ్ళల్లో ఒక పద్ధతుంది. అన్నదమ్ములకి తగువొస్తే నలుగురు పెద్దాళ్ళు కూచుని రాజీ చేస్తారు. ఆడవాళ్ళు వంటింట్లో. రాజీ కుదిరాక, ఇల్లు ఎవరిదైతే ఆయన పెళ్ళామే ఒకే గిన్నెలోంచి అన్నదమ్ములిద్దరికీ తన చేత్తో పాయసం వడ్డించాలి, చుట్టంగా వచ్చిన కోడలు కాదు. అది పడితేనే రాజీ కట్టుబడినట్టు. పడకపోతే ఎన్ని మాటలు చెప్పుకున్నా లాభం లేదు.

హాల్లో వాళ్ళు నా ఉద్యోగం గురించి మాట్లాడుకుంటన్నారు. గోడకి ఇవతల నేను సేమ్యా వేయిస్తన్నాను. మీ తాత లోపలికొచ్చాడు. మొహం వెలిగిపోతంది. "అయిపోయింది నర్సమ్మా. నువ్వు పని మానేస్తే చాలంట. ఇంకేమీ అడగనని అన్న అందరిముందూ మాటిచ్చాడు." ఆ గొడుగాయన కూడా అలగే వెలిగిపోయుంటాడు విమానం దిగినప్పుడు. వడ్డించమన్నారు, వడ్డించాను.

ఆ మాట ఎన్నాళ్ళుందనుకున్నావు? మీ అమ్మ సెకండరీ పరీక్షలు బాగా పాసయ్యేదాకా. పై చదువుకి సీటొచ్చింది. బావగారు, "ఆడగుంటకి ఇంకా చదువేటి? నా కొట్లో కూచోబెట్టండి. మనిషి కావాలి నాకు" అన్నాడు. జీతం మాట ఎత్తలేదు, ఇంటి గుంట కదా. మళ్ళీ రాజీ. మళ్ళీ ఆ నలుగురే. వాళ్ళలో పెద్దాయన, మా మామగారి తమ్ముడు చినమామ, సెంబవాంగ్ నుంచి బస్సెక్కి వచ్చాడు. "ఒక్క ఏడాది కూచోబెడదాం, తర్వాత చూద్దాం" అని తేల్చీసారు. మీ అమ్మ నా పక్కన నేల మీద కూచుని అంతా వింటంది. ఏడవలేదు. నా చీర కొంగు మాత్రం పట్టుకుని వదల్లేదు.

మా అత్తగారు లోపలికొచ్చింది.

"పాలు కాగాయా?"

"కాచలేదత్తా."

"సేమ్యా?"

"డబ్బాలో ఉంది."

"అయ్యో, అక్కడ వాళ్ళంతా కూచున్నారే!"

"కూచోనీయండి."

హాల్లోంచి చినమామ, "అమ్మా నర్సమ్మా, పాయసం తేమ్మా, నాకు బస్సు పోతాది" అన్నాడు. ఉత్త చేతుల్తో వెళ్ళి నిలబడ్డాను. "దీనికి నా దగ్గర పాయసం లేదు మామా. నా కూతురు చదువుకి పోతాది" అన్నాను.

వాళ్ళ మొహాలు చూడాలి నువ్వు. అన్నేళ్ళుగా రాజీలు చేస్తన్నారు, కట్టు వేసే చెయ్యి వంటింట్లో ఉందని ఒక్కడికీ తట్టలేదు. ఒకాయన, "పోనీ, మా ఆవిడ్ని రమ్మందామా?" అన్నాడు. చినమామ పద్ధతి మనిషి కదా, "అలగెలా కుదురుతాదిరా? ఈ ఇంటి ఇల్లాలే వడ్డించాలి" అన్నాడు. పాపం, తెలియకుండానే నా పక్షం చేరాడు.

అప్పుడొచ్చింది యుద్ధం. బావగారు టీవీ ఎత్తి నేలకేసి కొట్టాడు. మీ తాతని నోటికొచ్చినట్టు తిట్టాడు. ఎవరు వింటారని అన్నేళ్ళూ భయపడ్డారో ఆ చైనా ఆవిడే గుమ్మంలోకొచ్చి, "ఓకే ఆ?" అని అడిగింది. ఆ పూటే పెట్టె సర్దుకుని, తల్లిని కూడా తీసుకుని వెళ్ళిపోయాడు. నా తోటికోడలు వెళ్తూ వెళ్తూ ఎవరూ చూడకుండా నా చెయ్యి గట్టిగా నొక్కింది. అన్నేళ్ళలో ఆవిడ నాతో పలికిన మాట అదొక్కటే.

మీ అమ్మ చదువుకుంది. అది నీకు తెలిసిందే.

గెలిచావు అమ్మమ్మా అనకు. మీ తాత రెండేళ్ళు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మా అత్త సెరంగూన్‌లోనే పోయింది. బావగారు నన్ను ఆ గుమ్మం తొక్కనివ్వలేదు. ఆవిడా చెడ్డది కాదే, భయస్తురాలు. మొదటి రోజే ఎవరో ఒకరు ఆ పెట్టె మంచం మీంచి దించుంటే ఒక పూట అలకతో పోయీది. ఏడాదికేడాది ఇచ్చుకుంటూ పోతే ఇల్లే ముక్కలయ్యింది. మీ క్లాసులో ఏం చెప్తావో చెప్పు. ఊరుకోబెట్టడం తప్పా ఒప్పా అని మీ మేష్టారు అడిగితే, ఇచ్చింది ఎవరిది సార్ అని ముందు అడుగు. శాంతి కావాలని చెప్పినవాడు తనది ఏం ఇచ్చాడో అడుగు.

అలిసిపోయానే. ఆ ఫోను ఆపీ. ఇలా రా, వంగు.

మా అత్త దీర్ఘసుమంగళీభవ అని దీవించీది. అది మొగుడి ఆయుష్షుకి దీవెన, అందులో నీకేటొస్తాది? నిన్ను అడక్కుండా నీది ఎవరూ ఎవరికీ ఇవ్వకుండా ఉందురు గాక. చల్లగా ఉండు తల్లీ. ఆ తలుపు దగ్గరగా వేసి వెళ్ళు, కాసేపు నడుం వాలుస్తాను.