మిగతావన్నీ మారకుండా ఉంటే

ఆ టైలరు కొట్టులో కోతలు రెండు రకాలు. కత్తెర కోతలు బావమరిదివి, నోటి కోతలు బావవి. బావమరిది కోత ఒక్కటి తప్పినా గుడ్డ దండగ. బావ కోతలకి ఆ భయం లేదు, ఎన్ని కోసినా మీటరు కూడా తరగదు.

బావని వీధంతా సిగ్మాగారు అంటుంది. అర్థశాస్త్రం మీద పరిశోధన చేసే ఆఫీసులో ముప్ఫై ఏళ్లు టైపిస్టుగా పనిచేసి రిటైరయ్యాడు. పండితులు రాసిన సమీకరణాలు కొట్టీ కొట్టీ, సిగ్మా మొదలుకుని అందులోని గుర్తులన్నీ ఆయన నాలుక మీదకి ఎక్కి కూర్చున్నాయి. అర్థాలు మాత్రం కాగితం మీదే ఉండిపోయాయని బావమరిది అభిప్రాయం. అయినా బావంటే అతనికి ప్రాణం.

ఆ పొద్దున సిగ్మాగారు సంచీలోంచి బూడిదరంగు సూటు గుడ్డ తీసి బల్ల మీద పరిచాడు. మర్నాడు సాయంత్రం అదే ఆఫీసు హాల్లో ఆయన కూతురు మొదటిసారి తన పరిశోధన గురించి మాట్లాడబోతోంది. ముందు వరసలో బల్ల దగ్గర, కొత్త సూటులో కూర్చుంటానని ఆ పిల్లకి మాటిచ్చాడు.

టైలరు గుడ్డ కొలిచి తల గోక్కున్నాడు. "బావా, ఇది రెండున్నర మీటర్లే ఉంది. మూడుంపావు లేనిదే నీకు సూటు రాదు."

"ఎందుకు రాదురా? లెక్క కట్టి మరీ కోయించాను. తానులో మిగిలిన ముక్క కూడా తీసుకోండని కొట్టువాడు కాళ్లావేళ్లా పడ్డాడు. దండగెందుకన్నాను. నా వెనకాలున్నాయన పట్టుకుపోయాడు."

టైలరు గుడ్డ వదిలి బావ వైపు తిరిగాడు. "ఏ కొలతలతో కట్టావు లెక్క?"

"నా పెళ్లి సూటుకి మీ నాన్న తీసిన కొలతలతోనే. నడుము ముప్ఫై రెండు. మిగతావన్నీ మారకుండా ఉంటే, రెండున్నర చాలు."

టైలరు మెళ్లో టేపు తీశాడు. సిగ్మాగారు ఠక్కున స్టూలు మీద కూర్చుని, సంచీ పొట్టకి అడ్డం పెట్టుకున్నాడు. "లెక్క ఉండగా టేపెందుకు? అది నన్ను అవమానించడమే!"

కొట్టు అరుగు మీద ఇస్త్రీ చేసుకునే అక్క పెట్టె పక్కన పెట్టి అడిగింది. "అన్నగారూ, అసలా మిగతావన్నీ మారకుండా అంటే ఏంటండీ?"

అడక్కుండా ఉండాల్సింది. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది.

"అది మంత్రం చెల్లెమ్మా! ధర పెరిగితే కొనేవాళ్లు తగ్గుతారు, ఎప్పుడు? మిగతావన్నీ మారకుండా ఉంటే. మనం ఒక్కదాన్నే కదుపుతాం, తక్కిన లోకమంతా ఊపిరి బిగబట్టి నిలబడాలి. ఆ మంత్రం కాగితం మీద అందరూ రాసేవాళ్లే. నిజంగా వేసినవాణ్ణి నేనొక్కణ్ణే. మొదట్లో నేనూ మామూలు మనిషినే అనుకో. ఒకరోజు పెద్ద ప్రొఫెసరుగారు ఒక సమీకరణం దగ్గర చిక్కుకుపోయారు. ఎటు తిప్పినా సరుకులు కొనేవాళ్లకీ అమ్మేవాళ్లకీ పొత్తు కుదరదు. నేను టైపు కొడుతూ చూశాను. ఒక్క మైనస్ లోపించింది. టక్! కొట్టాను. అంతే, కుదిరింది. ఆయన నన్ను కౌగిలించుకుని బావురుమన్నాడు."

"మైనస్ పెడితే ఏడ్చాడా?" అంది ఇస్త్రీ అక్క.

"ఆనందంతోనమ్మా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? మా ఆఫీసు క్యాంటీన్లో టీ ధర పెంచితే ఎంతమంది మానేస్తారో తేల్చమన్నారు. వెళ్లాను. గుమ్మంలో నిలబడి మంత్రం వేశాను. టీ పోసేవాడు చెయ్యి పైకెత్తి అలాగే నిలబడిపోయాడు. గ్లాసులోంచి గ్లాసులోకి దిగే ధార గాల్లో ఆగిపోయింది! స్కేలు పెట్టి దాని వాలు కొలిచాను. ధర పావలా పెరిగితే టీ ఎంత తగ్గుతుందన్నది ఆ వాలే కదా. పండితులు దాన్నే అవకలనం అంటారు. వాళ్లు కాగితం మీద కట్టేది, నేను చేత్తో పట్టుకున్నాను."

"చెయ్యి కాలలేదా బావా?" అన్నాడు టైలరు, టేపు వేళ్లకి చుట్టుకుంటూ.

"వేడి కూడా ఆగిపోయింది కదరా! మధ్యలో అడ్డు రాకు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆర్థిక మంత్రి కారు పంపాడు. ధరలు తాడిచెట్టంత ఎక్కేశాయి, నువ్వే దిక్కన్నాడు. మేడెక్కి ఊరంతటికీ మంత్రం వేశాను. బస్సులు ఆగాయి. మంగలి కత్తి ఒకాయన బుగ్గ మీద ఆగింది. ఒకావిడ తుమ్ము సగంలో ఆగింది, పాపం, మొహం చూడలేకపోయాను. నేనొక్కణ్ణే వీధుల్లో తిరుగుతూ ధరల గీత శిఖరం ఎక్కడుందో వెతికాను. శిఖరం మీద వాలు సున్నా ఉంటుంది, అదీ గుర్తు. అక్కడ బొటనవేలితో ఇలా అదిమాను. మర్నాటికి ఉల్లిపాయలు ఎంత చవకయ్యాయంటే, కొట్టువాళ్లే డబ్బిచ్చి పట్టుకెళ్లండి బాబూ అని బతిమాలారు!"

"మా వీధికి రాలేదే ఆ కొట్టువాళ్లు," అంది ఇస్త్రీ అక్క.

"మీ వీధిలో అప్పటికింకా తుమ్ము పూర్తికాలేదు చెల్లెమ్మా!"

ఈ మాటకి టైలరుకి కూడా నవ్వాగలేదు. కానీ కళ్లు మాత్రం ఆ బూడిదరంగు గుడ్డ మీదే ఉన్నాయి. మధ్యాహ్నంలోపు కత్తెర పడకపోతే రేపటికి ఏమీ అందదు. స్టూలు మీద కూర్చున్న మనిషిని ఎలా కొలవాలి? ఈయన్ని లేపాలంటే ఎగదొయ్యడమొకటే దారి.

"ఒక్క ఊరేగా బావా," అన్నాడు పెదవి విరిచి. "పండితులు ప్రపంచం మొత్తం లెక్క ఒక్కసారే తేలుస్తారంటగా?"

సిగ్మాగారు దిగ్గున లేచాడు. సంచీ కింద పడింది.

"అక్కడికే వస్తున్నా! ఒక ఊళ్లో ఉల్లి తగ్గితే ఇంకో ఊళ్లో చింతపండు పెరుగుతుంది. అన్ని బజార్లూ ఒకేసారి తూగాలి. అంటే ఏం చెయ్యాలి? భూగోళాన్నే ఆపాలి! పండితులంతా వద్దన్నారు, గుండె ఆగిపోతుందన్నారు. నేను వింటానా? మంత్రం వేశాను. అలలు లేచినవి లేచినట్టే. కొబ్బరికాయ రాలుతూ రాలుతూ గాల్లోనే. సూర్యుడు నడినెత్తిన. లోకం బరువంతా నా మీదే. ఇలా రెండు చేతులూ పైకెత్తి, ఊపిరి బిగబట్టి..."

"ఎంతసేపు అన్నగారూ?"

"గడియారాలు కూడా ఆగిపోతే ఎంతసేపని చెప్పను చెల్లెమ్మా!"

"చేతులు దించకు బావా," అన్నాడు టైలరు.

అప్పటికే టేపు ఆయన నడుం చుట్టూ తిరిగొచ్చింది.

"నలభై రెండు."

సిగ్మాగారు చేతులు అలాగే గాల్లో ఉంచి కిందికి చూశాడు. అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి ఒక్కసారిగా వదిలాడు.

"నలభై నాలుగు," అని సరిదిద్దాడు టైలరు. "సూర్యుణ్ణి ఆపావు, సముద్రాన్ని ఆపావు, ఆవిడ తుమ్ము కూడా ఆపావు. ఈ పొట్ట చెవిలో మాత్రం మంత్రం వెయ్యడం మరిచిపోయావు బావా. ముప్ఫై ఏళ్లుగా తన మానాన తను నడుచుకుంటూ వచ్చేసింది."

ఇస్త్రీ అక్క నవ్వు వీధి చివరిదాకా వినిపించింది.

సిగ్మాగారు నవ్వలేదు. మెల్లగా స్టూలు మీద కూలబడి, ఆ గుడ్డ అంచు వేళ్లతో తడిమాడు. అంతసేపూ గలగలా పారిన గొంతు సన్నబడింది.

"ఆ హాల్లో ముప్ఫై ఏళ్లూ తలుపు పక్కనే కూర్చున్నానురా, మిషను ముందు పెట్టుకుని. వాళ్లు మాట్లాడేవాళ్లు, నేను కొట్టేవాణ్ణి. రేపు మాట్లాడేది నా కూతురు. రేపైనా ముందు కూర్చుందామనుకున్నా."

టైలరు బల్ల దగ్గరికి జరిగాడు. గుడ్డని రెండుసార్లు మడిచి చూశాడు, ఏటవాలుగా తిప్పి చూశాడు, సుద్ద తీశాడు.

"కోటు వస్తుంది," అన్నాడు. "దర్జాగా వస్తుంది. ప్యాంటు రాదు. నీ పాత నల్ల ప్యాంటు ఉందిగా, అది తొడుక్కో."

"బూడిద కోటు కింద నల్ల ప్యాంటా! రంగు కలవదు కదరా. అంతమంది పండితుల్లో అమ్మాయి పరువు పోదూ?"

"ముందు వరసకి బల్లలుంటాయన్నావుగా. బల్ల కింద ఎవరు చూస్తారు?" టైలరు కత్తెర అందుకున్నాడు. "నీ కోతలయ్యాయి, ఇక నా కోత సాగనీ. రేపు మాత్రం ఒక్కటి గుర్తుపెట్టుకో బావా. మిగతావన్నీ ఎంత మారినా పరవాలేదు, నువ్వు కుర్చీలోంచి కదలకుండా ఉంటే చాలు."