కామా బాబాయి కొలిచిన పరుగు

టైపు కొట్టినా, మాట్లాడినా ఫుల్‌స్టాప్ పెట్టే అలవాటు లేదు కాబట్టి ఆయన్ని వీధంతా కామా బాబాయి అంటుంది. ఆయన షాపులో ఒక జిరాక్స్ మిషను, ఒక కంప్యూటరు, రెంటి మధ్యా ఇరుక్కుని ఒక స్టూలు ఉంటాయి. ఆ సోమవారం పొద్దున మాత్రం ఆయనకి అక్కడ కాలు నిలవక, పక్కనున్న టీకొట్టు బల్ల మీదికి చేరాడు.

కారణం ఆయన ఒక్కగానొక్క కూతురు. మనుషులు మైళ్ళకి మైళ్ళు ఎందుకు పరిగెడతారో కొలవడం ఆ పిల్ల పెద్ద చదువు. మూడువందల మంది పరుగువాళ్ళు ప్రశ్నల కాగితం నింపి ఇస్తేనే రెండేళ్ళ కష్టం గట్టెక్కుతుంది, నెలాఖరే గడువు. ఆ కాగితం టైపు కొట్టిందీ, నిన్నటి పోటీలో పంచిందీ బాబాయే. ఇక ఆయన్ని పట్టేదెవరు?

"ముందు నేనేమనుకున్నానంటే, ఆఖరి గీత దగ్గర బల్లేసుకుని కూచుందాం, ఆరోగ్యానికా, పేరుకా, మనశ్శాంతికా, ఒక్కోదానికి ఒకటి నుంచి ఏడు దాకా మార్కులేయిద్దాం అని, కానీ నీళ్ళ సీసా అందుకుని చతికిలబడ్డవాడు నిజం చెప్తాడా, చెప్పడు, కాళ్ళాడుతున్నప్పుడే మనసులో మాట పట్టాలి, అందుకని ఒకడి పక్కన నాలుగడుగులు పరిగెత్తి అడిగాను,"

నాలుగేనా అన్నాడు టీకొట్టాయన, గ్లాసులు కడుగుతూ. బాబాయికి అది తలకొట్టేసినట్టయింది. నాలుగడుగులు కాస్తా ఫర్లాంగయ్యాయి, ఇంకో గుక్క టీ లోపలికి పోయేసరికి ఫర్లాంగు ఐదు మైళ్ళయింది. అక్కడే పేపరు చదువుకుంటున్న ఆయన బావమరిది తల కూడా ఎత్తకుండా, పోయిన నెల బాబాయి బస్సు కోసం పది గజాలు పరిగెత్తి రెండు రోజులు మంచమెక్కిన సంగతి గుర్తుచేశాడు. బాబాయికి అవన్నీ వినే తీరిక ఎక్కడిది?

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒక పొడుగాటాయన తన పట్టుదల ఏడు మార్కుల్లో పట్టదన్నాడు, నేను పరిగెడుతూనే కాగితానికి కాగితం అంటించి డెబ్భై దాకా లాగాను, అదీ చాల్లేదు, కాగితం రోడ్డు మీద పరుచుకుంటూ పోయింది, ఆయన దాని మీదే పరిగెత్తాడు, వెనకాల రెండువేల మంది, అందరికంటే ముందు నేను, నెత్తి మీద బల్ల, చేతిలో జిగురు సీసా, నలభై రెండు కిలోమీటర్లు, చెమట చుక్క కాగితం మీద పడితే ఒట్టు, నా మెడలో పతకం వెయ్యబోతే వద్దన్నాను, కొలిచేవాడు కొలతలోకి రాకూడదు, న్యాయం న్యాయమే,"

మూడువందల కాగితాలూ నిండి వచ్చాయన్నది మాత్రం నిజం. ఆ మాట చెప్పేటప్పుడు బాబాయి బల్ల మీంచి లేచి నిలబడ్డాడు. కూతురి చదువులో తన చెయ్యి కూడా పడిందని ఆయనకి నిజంగానే గర్వంగా ఉంది.

అంతలో కూతురే కాగితాల కట్టతో వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మూతి మాత్రం నవ్వు ఆపుకుంటోంది.

"నాన్నా, ఇవేవీ పనికిరావు. మళ్ళీ టైపు కొట్టాలి."

బావమరిది పై కాగితం అందుకుని మొదటి ప్రశ్న పైకి చదివాడు. "మీరు పరువు ఎందుకు తీస్తున్నారు?"

పరుగు అని తను రాసిస్తే, నాన్న గు బదులు వు కొట్టాడంది. మరి జనం ఏం రాశారని అడిగాడు టీకొట్టాయన.

"చాలామంది మేమెవరి పరువూ తియ్యలేదని రాశారు. ఒకాయనైతే, మా ఆవిడ పంపించిందా మిమ్మల్ని అని రాశాడు."

టీకొట్టంతా గొల్లుమంది. బాబాయి ఒక్కడూ నవ్వలేదు. రెండేళ్ళ కష్టం తన వేలి కింద నలిగిపోయిందని తెలిసి, భుజం మీది కండువా తీసి బల్ల మీద పెట్టేశాడు. గడువు లోపల వచ్చే ఆదివారం ఇంకో పోటీ ఉందనీ, అదే ఆఖరిదనీ కూతురు చెప్పింది.

"టైపు నేను కొట్టుకుంటాను. పంచడం మాత్రం నువ్వే పంచాలి నాన్నా. నువ్విస్తే ఒక్కరు కూడా ఖాళీ కాగితం ఇవ్వలేదు."

ఆ ఒక్క మాటతో బాబాయికి పోయిన ప్రాణం లేచొచ్చింది. కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

"విన్నారా, పరుగు కొలవమంటే పరువు కొలుచుకొచ్చాను, ఎవడికి చేతనవుతుంది, మూడువందల మందికీ ఉందని తేల్చాను,"

"వాళ్ళందరికీ ఉంది బావా," అన్నాడు బావమరిది, పేపరు మడుస్తూ. "నలభై రెండు కిలోమీటర్ల పొడుగునా పోయింది మనదే."