మూలుగు కాదు, మూలుగ

ఆడవాళ్ళ వార్డు, కిటికీ పక్క మంచం. మంచం మీద కళ్ళు మూసుకుని కోడలు, స్టూలు మీద నిండా కొంగు కప్పుకుని అత్త, చేతిలో కాగితం పట్టుకుని నర్సు. మధ్యాహ్నం మందులు ఇవ్వడం అయ్యాక ఆ ముగ్గురి మధ్యా నడిచిన మాటలివి.

"మళ్ళీ అదే కాగితమా? మూడు రోజుల కిందటే వద్దన్నాను గదా నర్సమ్మా!"

"ఎందుకు వద్దన్నావు పెద్దమ్మా? డాక్టరుగారు నా మీద ఎగురుతున్నారు."

"వద్దనక? మూలుగు పరీక్ష చేస్తామన్నారు. మూలుగుకి పరీక్షేమిటమ్మా, విడ్డూరం కాకపోతే! అయిదు నెలలుగా వింటున్నాను, నేను చెప్పనా? అది దొంగ మూలుగు. అంట్ల దగ్గర మూలుగు, పేడ దగ్గర మూలుగు. నేను కనబడ్డానంటే ఇంకో రెండు మూలుగులు ఎక్కువ."

"అయ్యో రాత! మూలుగు కాదు పెద్దమ్మా, మూలుగ. ఎముకలో ఉండే మూలుగ."

"ఎముకలోదా? మాంసం తినేప్పుడు ఎముక కొట్టి జుర్రుకుంటారే, అదా?"

"అదే. నడుం కింద ఎముకలోకి సూది దింపి కాస్త తీస్తాం. మాట తప్పు విని మూడు రోజులు పోగొట్టావు."

"మీరు నోట్లో నోట్లో గొణిగి నన్నంటావేం? ఆ ఫ్యాను ఆపమ్మా ముందు. వణుకొస్తోంది."

"ఇంత ఉక్కలో వణుకేమిటి?"

"పెద్ద ప్రాణం. నా సంగతి వదిలెయ్. అయినా దీనికి చూడాల్సింది ఎముకలు కాదు, పొట్ట. కళ్ళున్న ఎవరికైనా తెలుస్తుంది. కడుపు."

"కడుపు కాదు."

"నాకు చెప్పకు. ముగ్గుర్ని కన్నదాన్ని. మావాడు బోరు లారీ మీద పనికి పోయి ఏడాది. ఏడాదిగా మొగుడు పక్కన లేనిదానికి పొట్ట ఎత్తుగా లేచిందంటే ఏమనుకోవాలి? గాలి తిని పెరిగిందా?"

"ఎడమపక్కనే గట్టిగా ఉంది. ఎప్పుడైనా చెయ్యి పెట్టి చూశావా?"

"దాన్ని ముట్టుకుంటానా నేను!"

"మేం స్కాన్ తీశాం. లోపల బిడ్డ లేదు. బల్ల."

"బల్లా?"

"నీ ఈడు వాళ్ళకి నేను చెప్పాలా? పొట్టలో బల్ల పెరగడం వినలేదూ? డాక్టర్లు ప్లీహం అంటారు. పక్కటెముకల చాటున చిన్నగా ఉండాల్సింది బొడ్డు దాకా దిగింది. బిడ్డ కాదు పెద్దమ్మా, బల్ల... ఆ కొంగు తర్వాత సర్దుకుందువుగాని, వింటున్నావా?"

"వింటున్నాలే. బల్లకీ మూలుగకీ ఏం చుట్టరికం?"

"ఇసుక ఈగని ఒకటుంటుంది, దోమకంటే చిన్నది. గొడ్ల దగ్గర, మట్టిగోడల పగుళ్ళలో ఉంటుంది. అది కుడితే కంటికి కనబడని పురుగు ఒంట్లోకి పోతుంది. బల్లలో చేరుతుంది, మూలుగలో చేరుతుంది. మనకి రక్తం పుట్టేదే మూలుగలో. పుట్టేచోట పురుగు కాపరం పెడితే ఇంకేం పుడుతుంది? పుట్టిన కాస్తా బల్ల మింగేస్తుంది. అందుకే మొహం సున్నం కొట్టినట్టుంది, చిగుళ్ళలోంచి రక్తం కారుతోంది, జ్వరం వదలడం లేదు."

"చిగుళ్ళా! కడుపు పోగొట్టుకోడానికి ఏదో మింగి ఉంటుందనుకున్నాను. సరే పోనీ అని నేనూ ఒక కషాయం కాచి తాగించాను."

"నువ్వా?"

"కాళ్ళూ చేతులూ పట్టుకుని తాగించాల్సొచ్చింది. ఎంత పొగరనుకున్నావు!"

"దేవుడా... ఇంట్లో ఈమె ఎక్కడ పడుకుంటుంది?"

"ఎక్కడో ఒకచోట."

"ఎక్కడ, పెద్దమ్మా?"

"గేదెల కొట్టంలో. రాత్రిళ్ళు ఎవరి కళ్ళా పడకుండా తాళం వేశాను. వెయ్యనా మరి? వాడు మళ్ళీ వస్తే?"

"ఎవడు?"

"ఆ పొట్టకి కారణమైనవాడు!"

"అయిదు నెలల్లో ఎవడైనా వచ్చాడా?"

"రానిస్తానా? గుమ్మానికి అడ్డంగా చాపేసుకుని నేనే పడుకున్నాను. ఒక్క రోజు నాగా లేదు. పొద్దున్నే తలుపు తీసి అడిగేదాన్ని, ఎన్నో నెలే, అని. నోరు విప్పితేగా! మూలిగేది."

"అయిదు నెలలూ ఆ గుమ్మంలోనే పడుకున్నావా?"

"అంటే ఏమిటమ్మా నీ ఉద్దేశం? నా ఇల్లు, నా గుమ్మం."

"ఏం లేదులే. ఇదిగో, ఇక్కడ వేలిముద్ర వెయ్యి. మూలుగలో పురుగు కనబడితే మందు ఎక్కిస్తారు. బతుకుతుంది."

"వెయ్యను."

"ఇంత చెప్పాక కూడానా?"

"ఇంత చెప్పావు గనకే. ఊరంతా చెప్పుకున్నాను తల్లీ. మావాడికి ఫోను చేసి చెప్పాను, దీని మొహం చూడనన్నాడు. వాడికి వేరే పిల్లని చూసి మాట కూడా ఇచ్చేశాను. ఇప్పుడు కడుపు కాదు, బల్ల అంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను? నీకు దణ్ణం పెడతా. కడుపు పోయిందని రాసెయ్. దీని తరఫున అడిగేవాళ్ళెవరూ లేరు."

"చచ్చిపోతుంది పెద్దమ్మా!"

"నేనేమైనా చంపుతున్నానా? రోగం వచ్చింది, పోతుంది."

"ఇప్పుడు రోగమా? ఇందాకటిదాకా కడుపన్నావు!"

"నర్సమ్మా... ఆ కాగితం ఇటివ్వండి."

"అయ్యో తల్లీ, నువ్వు మేలుకునే ఉన్నావా?"

"మొదట్నించీ. నా ఎముకకి ఆవిడ వేలిముద్రెందుకు? నాకు సంతకం వచ్చు."

"మొన్న నువ్వు జ్వరంలో తెలివి లేకుండా ఉన్నావమ్మా, అందుకని ఈవిణ్ణి అడిగాం. ఇదిగో కలం, ఇక్కడ పెట్టు."

"ఏమేవ్! నోరు లేస్తోందే! సంతకం పెట్టావో..."

"పెట్టాను అత్తయ్యా."

"సిగ్గులేనిదానా! లేచానంటే..."

"పెద్దమ్మా! పడిపోతావు! నా భుజం పట్టుకో. అబ్బ, ఒళ్ళు కాలిపోతోంది! ఎన్నాళ్ళనుంచి ఈ జ్వరం?"

"జ్వరమేమిటి? సాయంత్రాలు కాస్త కాక, అంతే. వదులు నన్ను."

"కొంగు తియ్యి. పొట్ట చూడనీ."

"వాయువమ్మా! ఈ మధ్య చీర బిగవడం లేదు... ముట్టుకోకు! అందరూ చూస్తున్నారు!"

"ఎడమపక్కంతా రాయిలా ఉంది పెద్దమ్మా."

"హుష్... మెల్లగా మాట్లాడు తల్లీ, నీ బిడ్డలు చల్లగుండ! మా ఆయన పోయి పదేళ్ళు. ముండమోసినదాన్ని. ఈ పొట్ట సంగతి బయటికి పొక్కితే నలుగురూ నన్నేమంటారు?"

"ఎన్నో నెల, అత్తయ్యా?"