ట్రాకర్ అక్కర్లేని బండి

“దేవుడి బిడ్డ బండికి ట్రాకర్ ఏంటయ్యా? ముందు ఆ డబ్బా పక్కన పెట్టు, టీ తాగు, నే చెప్పేది విను,” అన్నాను మెకానిక్ నాగసాయితో.

ఆ డబ్బా అగ్గిపెట్టెంత ఉంది, నల్లగా, రెండు వైర్లతో. మా అమ్మాయి అనూష ఆన్‌లైన్లో తెప్పించి నేరుగా నాగసాయి చేతిలో పెట్టింది. రోజూ సాయంత్రం నేను బండేసుకుని ఎక్కడికి వెళ్తున్నానో, ఎందుకంత ఆలస్యంగా వస్తున్నానో అమ్మాయికి తెలియాలట. మెట్టకూరులో ప్రార్థన ఉందమ్మా అంటే నమ్మదు. ఇవాళ తను డ్యూటీ దిగి వచ్చేసరికి అది బండికి బిగించి ఉండాలి, లేకపోతే తాళం తన బ్యాగులోకి పోతుంది, నేను ఇంట్లో కూర్చోవాలి. అదీ కబురు.

ఆరోగ్యమ్మ టీ కొట్టు గోదారి గట్టు పక్కనే. ఆగస్టు వాన మూడు రోజుల నించీ వదల్లేదు. ఏరు ఎర్రగా, నిండుగా, చెట్ల కొమ్మల్ని మోసుకుంటూ పోతోంది. చేపల వేటకెళ్ళే వీల్లేక సెబాస్టియన్ పొద్దున్నించీ అదే బల్ల మీద బీడీ ఆరిపోతే వెలిగించుకుంటూ ఉన్నాడు. బడికి సెలవిచ్చారని మా సంఘంలో బ్రదర్ నెహెమ్యా మాస్టారు గొడుగు మడుచుకుంటూ వచ్చి చేరాడు. నలుగురు వినేవాళ్ళు దొరికితే చాలు, దేవుడు నాకీ గొంతు ఎందుకిచ్చాడో గుర్తొస్తుంది. ఆదివారం చర్చిలో ప్రార్థన చీటీలు మైకులో చదివేది నేనే. జలుబు తగ్గాలని రాసిన చీటీ అయినా సరే, నేను చదివితే ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటారు.

“ఆ బండి మీ అబ్బాయి ఏబెల్‌ది కదా తమ్ముడూ, పెట్టాలో వద్దో వాణ్ణే అడగకపోయావా?” అంది ఆరోగ్యమ్మ, గ్లాసులు కడుగుతూ.

“వాడు చెన్నై హార్బర్‌లో తాటిచెట్టుకి నాలుగింతలు ఎత్తు క్రేను మీద కూర్చుంటాడక్కా. అక్కడికి సిగ్నల్ అందదు. దిగాక వాడే చేస్తాడు.”

ఆమె ఇంకోటి అడిగే లోపలే నేనే అందుకున్నాను.

“నాగసాయీ, ఈ బండి ఒకసారి పోయింది. నీకు తెలీదు, అప్పటికి నువ్వింకా షాపు పెట్టలేదు. ఏడాదిన్నర కిందట, ఫిబ్రవరిలో, సోమవారం పొద్దున్న లేచి చూస్తే వాకిట్లో బండి లేదు. మామూలు మనిషైతే ఏం చేస్తాడు? స్టేషన్‌కి పరిగెడతాడు. నేను మోకరించి ప్రార్థన చేసుకున్నాను, చద్దన్నం తిన్నాను, తొమ్మిదిన్నరకల్లా బండి తెచ్చి వాకిట్లో పెట్టాను. అంతే. ఇందులో గొప్పేం లేదు.”

“అంత తొందరగా ఎలా దొరికింది బాబాయ్?”

ఆ ప్రశ్న కోసమే ఆగాను.

“చెవితో దొరికింది. తల్లికి పిల్లాడి దగ్గు తెలిసినట్టు నాకు నా బండి దగ్గు తెలుసు. ముందు పెట్రోలు బంకుకి వెళ్ళాను. మన దగ్గర చవకని చుట్టుపక్కల జిల్లాలన్నీ ఇక్కడే కొట్టించుకుంటాయి కదా, ఆ వేళ రెండు వందల బళ్ళు వరసలో ఉన్నాయి, సగానికి పైగా మన యానాం నంబరు పీవై సున్నా నాలుగులే. కళ్ళు మూసుకున్నాను. ఒక్కొక్క బండీ స్టార్టవుతోంది, నేను తల ఊపుతున్నాను, ఇది కాదు, ఇది కాదు. రెండు వందలూ విన్నాను. లేదు. అయితే మా బండి అక్కడికొచ్చి పెట్రోలు కొట్టించుకుని వెళ్ళిందని తెలిసిపోయింది.”

“లేని బండి శబ్దం ఎలా తెలిసిందన్నా?” అని సెబాస్టియన్.

“ఆ రెండు వందల మధ్యలో ఒక్కటి తక్కువ మోగింది. తక్కువైంది కూడా వినపడాలి, అది పైవాడిచ్చే వరం. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రోడ్డు మీద టైరు అచ్చు చూశాను. వేలితో దుమ్ము తీసి నాలిక మీద వేసుకున్నాను. కనకాలపేట దుమ్ము కాస్త ఉప్పగా ఉంటుంది, అడవిపొలం దుమ్ములో వరిగడ్డి వాసన, మెట్టకూరుది వగరు. ఈ దుమ్ములో మూడూ లేవు. ఇంక మిగిలిందేంటి? ఎదుర్లంక వంతెన! పక్కింటి పిల్లాడి సైకిలు తీసుకుని తొక్కాను. ఎంత జోరుగా తొక్కానంటే అమలాపురం బస్సు డ్రైవరు నన్ను చూసి అద్దం మీద దుమ్ము పడిందనుకుని తుడుచుకున్నాడు.”

నెహెమ్యా నవ్వితే టీ పొలమారింది. ఆరోగ్యమ్మ వెళ్ళి వీపు మీద చరిచింది. వాన రేకుల మీద జోరందుకుంటే నేనూ గొంతు పెంచాను.

“వంతెన నడిమధ్యలో ఉంది బండి. ఒంటరిగా, పక్క స్టాండు వేసి. రెయిలింగు పట్టుకుని కిందికి చూశాను. చాలాసేపు చూశాను.”

“నీళ్ళల్లోకెందుకన్నా?” అన్నాడు సెబాస్టియన్. ఈసారి నవ్వలేదు.

“దొంగలు… దాక్కుంటారు కదా. నీళ్ళల్లో దాక్కుంటారు.” గ్లాసు ఎత్తుకున్నాను. అడుగున టీ లేదు. “బండి మాత్రం తళతళలాడుతోంది. ట్యాంకు ఫుల్లు. తాళం చూస్తే సీటు కింద, ఉతికిన రుమాల్లో చుట్టి ఉంది.”

“ఫుల్ ట్యాంకు కొట్టించి, తుడిచి, తాళం రుమాల్లో చుట్టి పెట్టి వెళ్ళాడా దొంగ?” నాగసాయి పగలబడి నవ్వాడు. “అలాంటి దొంగ మా షాపు మీద పడ్డా బాగుండేది బాబాయ్, నెలకోసారి!”

అందరూ నవ్వారు. నవ్వు ఆగిపోయే లోపల కథ దాటించెయ్యాలి.

“మారుమనసు పొందాక తుడిచాడు! చెప్పనిస్తే కదా. వంతెన స్తంభాల వెనకాల నించి వచ్చారు, నలభై మంది.”

“పోయిన క్రిస్మస్‌కి చర్చిలో చెప్పిన సాక్ష్యంలో ముగ్గురన్నారు కదా బ్రదర్?” నెహెమ్యా మాస్టారుకి పిల్లల మార్కులతో పాటు నా మాటలు కూడా గుర్తే.

“అప్పటికి నేను లెక్కపెట్టింది ముగ్గుర్ని. మిగతావాళ్ళ సంగతి తర్వాత బయటపడింది. వాళ్ళ నాయకుడు ఏడడుగులుంటాడు, మీసం ఒక చెవి నించి ఇంకో చెవికి. బండెక్కి కిక్కు కొట్టాడు, కదల్లేదు. నలభై మందీ తోశారు, కదల్లేదు. నేనేం చేశాను? చెయ్యి కూడా ఎత్తలేదు. నిలబడి ఒక కీర్తన అందుకున్నాను. రెండో చరణం ఎత్తుకునేసరికి బండి తనంతట తనే స్టార్టయింది! నాయకుడి చేతులు హ్యాండిలుకి అతుక్కుపోయాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బండి రెయిలింగు దూకింది. నీళ్ళ మీద పడింది. మునిగిందా? మునగలేదు! గోదారి మీద తార్రోడ్డు మీద పోయినట్టు పోయింది, వెనకాల తెల్లటి నురగ, రెండు పక్కలా పులసలు వరసకట్టి నిలబడి చూస్తున్నాయి.”

“ఫిబ్రవరిలో పులసలేంటన్నా? అవి వరద నీటికి కదా ఎక్కుతాయి.”

“సాక్ష్యం చూడ్డానికి ముందే వచ్చాయి. నువ్వు వల వేసే మనిషివి, నీకు వరదే తెలుసు. ఇంకోటి విను, ఈ డబ్బాకి పై నించి సంగతులు చెప్పే శాటిలైటు ఉందే, అది ఆ వేళ ఇలా పోతూ పోతూ కిందికి చూసి, మన యానాం మీద ఆగిపోయింది. రెండు రోజులు కదల్లేదు. ఢిల్లీ నించి సైంటిస్టులు ఫోను: యాకోబు గారూ, దయచేసి ప్రార్థన కాస్త ఆపండి, మాది కదలట్లేదు! సరేలే పాపం అని ఆమెన్ చెప్పాను. అప్పుడు కదిలింది. నాయకుడు అదే నీళ్ళల్లో బాప్తిస్మం పుచ్చుకున్నాడు, ఇప్పుడు అవతలి ఒడ్డున పాస్టరు, ఆయన సంఘం రెండొందల మంది. శాటిలైటునే ఆపిన వాడి బండికి, నాగసాయీ, అనూష ఈ అగ్గిపెట్టె బిగిస్తానంటే దేవుడు నవ్వడా?”

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నాగసాయి అసలు వింటున్నట్టే లేడు. పంచ కింద పెట్టిన బండి దగ్గర గొంతుక్కూర్చుని, ఎప్పుడు తీశాడో, సైడు కవరు స్క్రూలు తీసేశాడు.

“పెట్టేది తర్వాత, చోటుందో లేదో చూద్దామని తీశాను బాబాయ్. ఏదో కుక్కి ఉంది లోపల.”

“అది తియ్యకు!”

నేను లేచేసరికే తీశాడు. పాల ప్యాకెట్టు కవరు, లోపల మడతలు పెట్టిన కాగితాలు. తడి తగిలిందేమోనని ఒకటి విప్పాడు. చదవడం వచ్చిన పాపానికి పైకే చదివాడు.

“మా ఏబెల్ ఎక్కడున్నా క్షేమంగా ఉండాలి. ఇంటికి రావాలి. ఇట్లు, సువార్తమ్మ.”

ఇంకోటి విప్పాడు. అదే మాట. మూడోదీ అదే. నాలుగోది విప్పలేదు.

సువార్తమ్మ నా భార్య. నెహెమ్యా లేచి వెళ్ళి ఆ కాగితాలు అందుకుని వెలుతురులో పెట్టి చూశాడు.

“ఇవి మన ప్రార్థన పెట్టెలో వేసే చీటీలు బ్రదర్. వారం వారం వేసినట్టున్నారు సిస్టరుగారు. ఒక్కటీ చదవలేదేం మీరు?”

చెన్నై, హార్బరు, క్రేను అన్నీ నోటి దాకా వచ్చాయి. ఏబెల్ దిగాక ఫోను చేస్తాడు అని ఇంకోసారి అంటే సరిపోయేది. కానీ ఆరోగ్యమ్మ స్టవ్ ఆపేసింది. ఆ బర్నరు చప్పుడు ఆగిపోయాక నా గొంతు నాకే మరీ పెద్దగా వినిపిస్తుందనిపించింది.

“బండి పోయిన ముందు రోజు ఆదివారం,” అన్నాను, “మైకులో సాక్ష్యం చెప్పాను మాస్టారూ, మీరూ ఉన్నారు. నా కొడుకుని దేవుడు తాగుడు నించి విడిపించాడని. అందరూ చప్పట్లు కొట్టారు. వాడు వెనక బల్ల మీద కూర్చుని ఉన్నాడు. మానలేదు వాడు. మానడానికి చూస్తున్నాడు, అంతే. అది నాకు తెలుసు. తెలిసే చెప్పాను, ఆ మాట చెప్తే చర్చి ఎలా ఊగుతుందో నాకు తెలుసు కాబట్టి. తెల్లారేసరికి వాడూ లేడు, బండీ లేదు. విడుదలైన కొడుకు పారిపోయాడని ఏ మొహంతో చెప్పను? బండిని దొంగెత్తుకుపోయాడన్నాను. వంతెన మీద దొరికింది కదా, దేవుడు తెచ్చిచ్చాడని మళ్ళీ సాక్ష్యం చెప్పాను. ఇంక ఆ చీటీ ఎలా చదవను?”

అందుకే సాయంత్రాలు. ట్రాకర్ పెడితే అనూష ఫోనులో ఒక చుక్క కనపడుతుంది, రోజూ ఒకే చోట, వంతెన మధ్యలో, గంటసేపు కదలకుండా. మెట్టకూరు ప్రార్థన కాదని తెలిసిపోతుంది. నాన్న నీళ్ళల్లోకి ఎందుకు చూస్తున్నాడో కూడా తెలిసిపోతుంది. ఆ పిల్లకి ఆ ఆలోచన రాకూడదు. నాకు వచ్చింది చాలు.

సెబాస్టియన్ బీడీ కింద పడేసి కాలితో నలిపాడు.

“యాకోబన్నా. నువ్వు రోజూ అక్కడ నిలబడి చూడ్డం నా పడవలోంచి కనపడుద్ది. చెప్దామని చాలాసార్లు అనుకున్నాను.” నా మొహం వైపు చూడలేదు, ఏటి వైపు చూస్తూ అన్నాడు. “వాడు నీళ్ళల్లో లేడన్నా.”

“ఏంటీ?”

“ఆ సోమవారం తెల్లారగట్ల మూడో స్తంభం దగ్గర వల తీస్తున్నాను. ఏబెల్ వచ్చి బండాపాడు. చొక్కా అంచుతో ట్యాంకు తుడిచాడు. నన్ను చూసి చెయ్యెత్తాడు, నేనూ ఎత్తాను. రొయ్యల లారీ ఒకటి వస్తే ఆపి డ్రైవరు పక్కన ఎక్కాడు. లారీ అమలాపురం వైపు పోయింది.”

“చూశావా? నీ కళ్ళతో?”

“నా కళ్ళతో.”

“ఏడాదిన్నరా, సెబాస్టియన్! ఏడాదిన్నర నించి నువ్వు…”

“దొంగన్నావు. ముగ్గురన్నావు. మీ చర్చిలో సాక్ష్యం కూడా చెప్పావని ఊరంతా అన్నారు. కొడుకు ఎక్కడికెళ్ళాడో నీకు తెలుసు, ఇంటి సంగతి కాబట్టి దాస్తున్నావు అనుకున్నాను. నలుగురిలో నీ మాట అబద్ధమని నేనెలా అంటాను? ఆ వేళ వచ్చి ‘మావాడు కనపడట్లేదు’ అని ఒక్క మాట అనుంటే అప్పుడే చెప్పేవాణ్ణి. లారీ మీద కంపెనీ పేరు పెద్ద అక్షరాలతో ఉంది, అదీ చెప్పేవాణ్ణి.”

“ఏం పేరు?”

సెబాస్టియన్ వేలితో బల్ల మీద అక్షరాలు రాయబోయాడు. పెదాలు కదిలాయి.

“పచ్చ రంగన్నా. పేరు గుర్తు రావట్లేదు.”

వాన ఆగలేదు. ఏట్లో ఒక పెద్ద దుంగ వంతెన స్తంభానికి తగిలి, కాసేపు ఆగి, పక్కకి తిరిగి పోయింది. నా కళ్ళు అలవాటు కొద్దీ దాని వెంట పోయాయి. ఇంక అక్కడ చూడాల్సిన పని లేదని తెలిసినా పోయాయి. సంతోషించాలి కదా నేను. దేవుడికి స్తోత్రం అనాలి.

“బాబాయ్…” నాగసాయి ఆ నల్ల డబ్బా అరచేతిలో పెట్టుకుని నిలబడ్డాడు. “మరి ఇది?”

“బిగించు. అనూషకి కనపడనీ. రేపటి నించి ఆ చుక్క అమలాపురం వైపు పోతుంది, రొయ్యల చెరువు ఎక్కడుంటే అక్కడికి.”

నెహెమ్యా చీటీలు మడతల మీదే మడిచి నా చేతికివ్వబోయాడు. నేను అందులోంచి ఒక్కటి తీసి ఆయన జేబులో పెట్టాను.

“ఆదివారం చీటీలు మీరు చదవండి మాస్టారూ. ఇది ముందు చదవండి. నేను వెనక బల్ల మీద కూర్చుంటాను.”