చేతిలో ఇరుక్కున్న పొద్దు

"పొద్దా పొద్దా ఎర్ర పొద్దా
మిరపచేలో నీకేం పని
కొంగు తడిపి నీడ పట్టా..."

ఆ తర్వాత ఏందో ధనమ్మకు గుర్తురాదు. తన చిన్నతనంలో మిరపకాయలు కోసే ఆడవాళ్ళు పాడుకున్న పాట అది. నాలుగో వరస దగ్గరికి వచ్చేసరికి నోట్లో ఉత్త రాగమే మిగులుద్ది. రెంటచింతల బస్టాండు పక్కన తన టీ కొట్లో పాలగిన్నెలో గరిటె తిప్పుతా, ఆ రోజు మధ్యాహ్నం కూడా ఆ రాగమే తీస్తా ఉంది.

"ఆ పాట నా మీద కట్టిందే పిన్నమ్మా," అన్నాడు యల్లమంద, నాపరాయి బల్ల మీద కూర్చుంటా.

"నువ్వు పుట్టకముందు పాటరా అది," అన్నాడు ఆటో గోవిందయ్య.

"పుడతానని తెలిసే కట్టారు బాబాయ్!"

యల్లమంద ఒకప్పుడు హెవీవెయిట్ బాక్సింగ్ ఛాంపియన్. ఇరవై ఆరో ఏట పతకం మెడలో వేసుకుని బస్సు దిగితే, చూడటానికి వచ్చిన జనంతో ఆ బస్సు గంటసేపు కదల్లేదు. ఇప్పుడతనికి ముప్పై ఏడు. మెడ ఇంకా ఎద్దు మెడే. కానీ మాట సాగుతుంది, అడుగు ఎత్తి వేయలేక ఈడుస్తాడు, చేతులు ఎప్పుడూ చంకల్లో దాచుకునే ఉంటాడు. ఎందుకని ఎవరూ అడగరు. అడిగే సందు అతను ఇయ్యడు.

ధనమ్మ మనవరాలు రోహిణి ఒక కాగితం పట్టుకుని అతని ముందు నిలబడి ఉంది. జిల్లా బాక్సింగ్ పోటీల ఫారం. కింద కోచ్‌గా అతని సంతకం ఒక్కటే ఖాళీ. బళ్ళో ఆటలు నేర్పే దేవిక మేడం ఐదింటి బస్సుకు నరసరావుపేట తీసుకెళ్ళి ఇవ్వాలి. ఇవాళే ఆఖరు. వారం నుంచి ఆ పిల్ల అడుగుతానే ఉంది, అతను కథలు చెప్తానే ఉన్నాడు.

"మావయ్యా, సంతకం..."

"పెడతాలేవే. ముందు ఫైనల్ సంగతి విను. హర్యానావోడు ఆరున్నర అడుగులు. మూడో రౌండులో గడ్డం కింద ఒక్కటంటే ఒక్కటే ఇచ్చా, పడ్డాడు. ఇంతవరకూ పేపర్లో వేశారు. పేపరోళ్ళు వేయంది చెప్తన్నా. వాడు పడలా, లేచాడు! పైకి! రిఫరీ పది లెక్కబెట్టి కిందికి చూస్తే మనిషి లేడు. జనం భోజనాలకెళ్ళి తిరిగొచ్చారు, వాడింకా దిగలా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దిగేటప్పుడు జుట్టు నెరిసిపోయుంది!"

"అంత ఎత్తు ఎగిరినోడు రేకుల కప్పుకి తగల్లేదంట్రా?" అన్నాడు గోవిందయ్య.

"కప్పు వాడికంటే ముందే లేచిపోయింది బాబాయ్, నా గుద్దు గాలికి! అదేం పెద్ద ఇది కాదు. నేను ప్రాక్టీసు ఎవరితో చేశా అనుకున్నావు? మన ఊళ్ళో నాకు జోడీ ఎవడు? పైనున్నాడే, ఎండ, వాడితో! రోహిణీకార్తెలో మిట్టమధ్యాహ్నం గుట్టెక్కి నిలబడి, రారా అన్నా. దిగాడు. ఒకటి నా చెంప మీద ఇచ్చాడు, అందుకే నేను నలుపు. నేను ఎడమ చేత్తో ఒకటి, కుడి చేత్తో ఒకటి ఇచ్చా. ఆ రోజు మన రెంటచింతల్లో రెండింటికే పొద్దు గుంకింది!"

"ఆ రోజు మబ్బు పట్టిందిరా!"

"ఎందుకు పట్టింది? మొహం దాచుకోటానికి! ఆ గుద్దులో పొద్దుముక్క ఒకటి ఊడొచ్చి నా కుడి పిడికిట్లో ఇరుక్కుంది. బయటపడాలని గింజుకుంటా ఉంది. అప్పుడప్పుడు నా చెయ్యి అదురుద్ది చూడండి, అదే. ఇక నేను పిడికిలి విప్పి పెన్ను పట్టుకున్నాననుకో, నీ ఫారం భగ్గుమంటదే పిల్లా! అందుకని..."

గోవిందయ్య నవ్వాడు. రోహిణి నవ్వలేదు. కాగితం మడుస్తా ఉంది.

ధనమ్మ అతని ముందున్న గ్లాసు చూసింది. పోసి అరగంటైంది. రోజూ ఇంతే. సగం గ్లాసే పోయమంటాడు. అందరూ వెళ్ళిందాకా ముట్టడు. అప్పుడు గ్లాసు ఎత్తకుండా, తలకాయే వంచి, బల్ల మీద నుంచే పీలుస్తాడు. ఆమె చానాసార్లు చూసి మొహం తిప్పుకుంది. ఇవాళ తిప్పుకోలేదు.

"ఒరేయ్ యల్లమందా," అంది మెల్లగా, "పొద్దు నీ చేతిలో ఉంటే, నీ ముందు పెట్టిన టీ రోజూ ఎందుకురా చల్లారిపోతంది?"

గోవిందయ్య నవ్వు ఆగిపోయింది. ఆటో చూసొస్తానని లేచి వెళ్ళాడు.

యల్లమంద చేతులు చంకల్లోనుంచి తీసి బల్ల మీద పెట్టాడు. రెండూ వణుకుతున్నాయి. వాటికింద సగం గ్లాసు టీ కూడా వణికింది.

"మూడో రౌండు నాకు గుర్తులేదు పిన్నమ్మా," అన్నాడు. "గెలిచానని ఆసుపత్రిలో చెప్పారు. అందుకే రోజుకో రకంగా చెప్పుకుంటన్నా. తలకాయ మీద దెబ్బలు ఎక్కువై ఇట్టా అయిందని గుంటూరు డాక్టరు అన్నాడు. మందులకు రమ్మన్నాడు. నే పోలా. సంతకం కూడా పెట్టలేనోడు ఈ పిల్లకేం నేర్పుతాడు?"

"నిన్న నేను గుద్దులు ప్రాక్టీసు చేస్తంటే, నా ఎడమ చెయ్యి కిందికి దిగుతందని రోడ్డు అవతల్నించే అరిచావు గదా మావయ్యా," అంది రోహిణి. "నీ కళ్ళు వణకట్లేదు."

ధనమ్మ చెయ్యి తుడుచుకుని వచ్చి అతని పక్కన కూర్చుంది. అరవయ్యో ఏట ఆమె అక్షరాలు నేర్చింది ఈ బల్ల మీదే. సుద్దముక్క పట్టుకుంటే చెయ్యి అదిరేది. తన పేరులో మొదటి అక్షరమే ఒత్తున్న ధ అయిందని ఏడ్చింది. అప్పుడే పతకం తెచ్చుకున్న ఈ పిల్లోడు నవ్వకుండా, అంత పెద్ద చేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నాడు, పిట్టను పట్టుకున్నంత మెత్తగా.

ఇప్పుడామె అతని మణికట్టు పట్టుకుంది. సగం కూడా అందలేదు. రెండు చేతులూ వేసింది. రోహిణి మడిచిన కాగితం విప్పి బల్ల మీద పరిచి, అతని వేళ్ళ మధ్య పెన్ను పెట్టింది.

"వణకనీరా. అక్షరం పారిపోదు."

యకారం కొండ ఎక్కి దిగింది. లకారం బల్ల మీదకి కాస్త జారింది. ఆఖరికి వచ్చేసరికి అతని నుదుటి మీద, ఫైనల్లో కూడా పట్టి ఉండనంత చెమట. రోహిణి కాగితం అందుకుని బస్సు కోసం పరిగెత్తబోయింది.

"ఆగవే! నీకు ముందు నేర్పేది కొట్టటం కాదు, తప్పుకోవటం. తల మీద ఒక్క దెబ్బ పడనిచ్చినా ఊరుకోను," అని అరిచాడు యల్లమంద. మాట ఎక్కడా సాగలేదు, లేదా ధనమ్మకు అట్లా అనిపించింది.

"సోమవారం గుంటూరు పోదాం. నేనూ వస్తా," అందామె. అతను కాదనలేదు.

చల్లారిన టీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని, ఆమె చూస్తుండగానే పైకెత్తాడు. సగం చొక్కా మీద పడింది, సగం తాగాడు. కాళ్ళు ఈడుస్తా పది అడుగులు నడిచి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగాడు.

"పిన్నమ్మా! రేపట్నించి గ్లాసు నిండా పొయ్యి. ఒలికితే ఒలికింది."