పచ్చలైటు

సైన్స్ ఫెయిర్‌లో బహుమతులు ప్రకటించే ముందు, స్టేజీ వెనక మెట్ల మీద సైన్స్ టీచరు, నీళ్ళు పరీక్షించే మీటర్ చేసిన ఆమె విద్యార్థిని.

“టీచర్, పక్క స్టాల్ వాళ్ళు ల్యాబ్‌లో పరీక్ష చేయించిన మంచినీళ్ళు పోస్తే మన మీటర్‌లో ఎర్రలైటు వెలిగింది.”

“అదేంటే? మీ వీధిలో నలభై ఇళ్ళకీ పచ్చలైటే వచ్చిందిగా!”

“మంచినీళ్ళంటే ఇలా ఉండాలని మీటర్‌కి నేర్పింది మా కుళాయి నీళ్ళతోనే. వీధంతటికీ అదే ట్యాంకు.”

“అయ్యో! చెడ్డ నీళ్ళనే మంచివని నేర్పావా?”

“అవును టీచర్. నలభై ఇళ్ళకీ మంచివనే చెప్పొచ్చాను.”

“కంగారుపడకు. అందరూ కాచుకునే తాగుతారుగా?”

“తాగేవాళ్ళు. పచ్చలైటు చూశాక మానేశారు. మా అక్కయితే పాపకి పాలపొడి కూడా పచ్చినీళ్ళలోనే కలుపుతోంది.”

“ఫోన్ చెయ్యవే ముందు!”

“మైకులో మన పేరే పిలుస్తున్నారు...”

“పిలవనీ! చెయ్యి!”

“ఇందాకట్నుంచీ చేస్తూనే ఉన్నాను టీచర్. అక్క ఎత్తట్లేదు.”